ఇన్‌స్పెక్టరుగారు కులాసా

శరణాలయం, వెనక గదులు
సోమవారం

కండక్టరమ్మగారికి నమస్కారాలు.

మొన్న మీకు ఫోను చేసి, మీరు హలో అనగానే పెట్టేసింది నేనే. క్షమించండి. ఈ జంతు శరణాలయంలో వ్యాను నడిపే ఆయన భార్యను నేను. మీరు పోషిస్తున్న గాడిద సంగతులు నెలనెలా మీకు తెలియజేయమని మేనేజరుగారు నాకు పని ఒప్పజెప్పారు. నాకు ఫోనులో మాట రాదు. ఎదురుగా ఉన్నా రాదు. మా అత్తగారు నన్ను మూగనోము పట్టిన పిల్ల అంటారు. అందుకని ఉత్తరాలు రాస్తానన్నాను. ఐదో తరగతితో బడి ఆగిపోయింది కానీ నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. మేనేజరుగారు అవి చూసి సరేనన్నారు.

ఇన్‌స్పెక్టరుగారు కులాసా. పొద్దున్న తవుడు, మధ్యాహ్నం గడ్డి, సాయంత్రం మీరు దాణాతో పాటు బస్సు మీద పంపే క్యారెట్లు తింటున్నారు. బస్సువాళ్ళు గేటు దగ్గర మూట దింపిన చప్పుడు వినగానే లేచి నిలబడతారు.

ఇన్‌స్పెక్టరుగారు అందరితో స్నేహంగా ఉంటారని, పిల్లలంటే ఆయనకి ప్రాణమని కూడా రాయమని మేనేజరుగారు చెప్పారు. రాశాను.

ఇట్లు
వ్యాను డ్రైవరు భార్య


బస్సు డిపో వెనక వీధి

అమ్మాయ్,

ఫోను చేసింది నువ్వా? ఎవడో పోకిరీ వెధవ అనుకుని, నువ్వు పెట్టేశాక కూడా చాలాసేపు తిట్టాను. నువ్వు వినలేదు కదా, పోనీలే.

నాకు చూపు ఆనక ఇది నా కోడలితో రాయిస్తున్నాను. చెప్పింది చెప్పినట్టు రాసే మనిషి కాదు. ప్రతి మాటకీ కాస్త చక్కెర కలుపుతుంది. అందుకే వాక్యం వాక్యం చదివించుకుని వింటున్నాను. (నేను చక్కెర కలపను. – కోడలు) ఇదిగో, ఇలా మధ్యలో దూరుతుంది కూడా.

ఆ గాడిద అందరితో స్నేహంగా ఉంటుందా? పిల్లలంటే ప్రాణమా? వేరే ఎవరి గాడిద ఉత్తరమో నాకు వచ్చిందని మీ మేనేజరుతో చెప్పు. నేనెరిగిన గాడిద ఇటుకల బట్టీలో మోత మోసేవాడు. ఆ బట్టీ ముందు నుంచే నా బస్సు రూటు. రోజూ నా బస్సు వచ్చే వేళకి వీపు మీద ఇటుకలతో రోడ్డుకి అడ్డంగా నిలబడేవాడు. హారను కొడితే కదలడు. దిగి తోస్తే కరుస్తాడు. మా డ్రైవరు ప్యాంటు వాడి నోట్లో పడి చిరిగింది. నడిరోడ్డు మీద బస్సు ఆపి కదలనివ్వనివాడు చెకింగ్ ఇన్‌స్పెక్టరు ఒక్కడే. అందుకే వాడికి ఆ పేరు పెట్టాను. నేను దిగి చెవిలో నాలుగు తిట్లు తిడితే తప్ప పక్కకి జరిగేవాడు కాదు. ఆ తిట్ల కోసమే నిలబడేవాడేమోనని నాకు ఇప్పటికీ అనుమానం.

నేను రిటైరయ్యాక ఒకసారి అదే రూటులో సీటులో కూర్చుని వెళ్తుంటే, వాడు చెత్తకుప్ప పక్కన కుంటుతూ కనిపించాడు. పనికి రాడని బట్టీవాడు వదిలేశాడట. నన్నూ డిపోవాళ్ళు అప్పుడే వదిలేశారు. బస్సు ఆపించి దిగాను. అదీ సంగతి. జాలి అని రాయకు. (జాలి అని నేను రాయలేదు. – కోడలు)

ఇంకోటి, గాడిదకి గారు ఏమిటి? అసలు ఇన్‌స్పెక్టర్లకే నేను ఏనాడూ గారు తగిలించలేదు. వాడు ఎవరిని కరిచాడు, ఎవరిని తన్నాడు, అవి రాయి. మోకాళ్ళు సహకరిస్తే ఒకసారి వచ్చి చూస్తాను.

కండక్టరమ్మ

(ఆశీస్సులు అని రాయమని ఆవిడ చెప్పలేదు. నేను రాస్తున్నాను. ఆశీస్సులు. – కోడలు)


శరణాలయం, వెనక గదులు

కండక్టరమ్మగారికి నమస్కారాలు.

నిజం రాయమన్నారు కనుక రాస్తున్నాను. ఈ ఉత్తరం మేనేజరుగారికి చూపించలేదు. చూపిస్తే పోస్టుకి వెళ్ళదు.

ఈ నెలలో ఇన్‌స్పెక్టరు మేనేజరుగారి బెల్టు కొస నమిలేశాడు. చూడ్డానికొచ్చిన ఒకావిడ ముద్దు చేయబోతే ఆవిడ చేతిసంచి పట్టీ తెంపాడు. పశువుల డాక్టరుగారిని ఎప్పటిలాగే తన్నాడు. తవుడు బకెట్టు తన్నితే అది వెళ్ళి మా అత్తగారి మీద పడింది. ఆవిడ ఊరుకుంటారా? నా జన్మకి ఒక గాడిదని కని పెంచాను, చాలు, రెండోదానికి చాకిరీ చేసే ఓపిక నాకు లేదన్నారు. మా ఆయన అక్కడే వ్యాను కడుగుతున్నారు. అమ్మా, ఆ మొదటిది నేనేనా అని అడిగారు. ఆయన ఇంట్లో వారానికి అంతకంటే ఎక్కువ మాట్లాడరు.

నేను మాట్లాడేది ఇన్‌స్పెక్టరుతోనే. మీరు నవ్వుతారేమో. వాడికి ఎడమ చెవి సగమే ఉంది కదా, నేను ఆ సగం చెవి వైపే నిలబడి చెబుతాను. మొత్తం వినేస్తాడని నాకు సిగ్గు. ఇంట్లో ఎవరేమన్నారు, నేను తిరిగి ఏమనాలనుకుని అనలేకపోయాను, అన్నీ వాడికే చెబుతాను. మీరు చెవిలో తిట్టేవారని చదివి నేనూ తిట్టి చూద్దామనుకున్నాను. నాకు తిట్లు రావు. నువ్వు అంత మంచివాడివి కాదు అన్నాను. చీర చెంగు పట్టుకుని లాగాడు.

ఒక సంగతి. వాడి పళ్ళు ఊడిపోతున్నాయి. క్యారెట్టు నోట్లో పెట్టుకుని, కింద పడేసి, దానివంక చూస్తూ నిలబడుతున్నాడు.

ఇట్లు
వ్యాను డ్రైవరు భార్య


బస్సు డిపో వెనక వీధి

అమ్మాయ్,

క్యారెట్లు ఉడకబెట్టి మెత్తగా చేసి పెట్టు. నాకూ నా కోడలు అదే పెడుతోంది. పళ్ళు లేని ఇద్దరికీ ఒకే వంట. (ఆవిడకి ఉప్పు వేస్తున్నాను. – కోడలు) మీ డాక్టరేమంటున్నాడు? వయసైపోయిందనేగా? మా డాక్టరూ అదే అంటున్నాడు. ఆ ముక్క చెప్పడానికి అన్నేళ్ళ చదువెందుకో.

నీ ఉత్తరం చదివించుకున్నాను. నువ్వు ఆ ఇంట్లో ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నావు. లోపల సీట్లు ఖాళీగా ఉన్నా ఎక్కినచోటే కడ్డీ పట్టుకుని నిలబడేవాళ్ళని నా సర్వీసంతా చూశాను. లోపలికి జరుగు. మీ అత్త అరిస్తే అరవనీ. అరిచేవాళ్ళు కరవరు. నేను అరుస్తాను, కరుస్తాను కూడా, అది వేరే సంగతి. (నిజమే. – కోడలు)

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. వాడు పోతే నాకు రాయి. అబద్ధం వద్దు, అలంకారం వద్దు. ఎలా పోయాడు, పోతూ ఎవరిని ఏం చేశాడు, ఉన్నదున్నట్టు రాయి. వాడి కోసం ఏడవడానికి ఈ లోకంలో నువ్వూ నేనూ తప్ప మూడో మనిషి లేరు. ఇద్దరిలో ఒకరికి తెలియకపోతే రెండోవాళ్ళు ఒంటరిగా ఏడవాలి. అది చాలా చెడ్డ పని. నేను చేశాను, నాకు తెలుసు.

(ఇక్కడ ఆవిడ కాసేపు ఆగారు. – కోడలు)

ఆగలేదు. దగ్గొచ్చింది.

రాస్తానని మాటివ్వు.

కండక్టరమ్మ


శరణాలయం, వెనక గదులు

కండక్టరమ్మగారికి,

ఇన్‌స్పెక్టరు పోయాడు.

నిన్న పొద్దున తవుడు ముట్టలేదు. పడుకుని లేవలేదు. డాక్టరుగారు వచ్చి వంగి చూస్తుంటే ఉన్నట్టుండి తలెత్తి ఆయన చొక్కా పట్టుకున్నాడు. పళ్ళు లేకపోయినా పట్టు వదల్లేదు. ఆయన గుంజుకుంటే చొక్కా గుండీ తెగి వాడి నోట్లో ఉండిపోయింది. డాక్టరుగారు తిట్టబోయి మానేశారు. కాసేపటికి వాడి పొట్ట కదలడం ఆగిపోయింది. నేను సగం చెవి వైపు కూర్చుని ఉన్నాను.

నోరు తెరిచి గుండీ తీద్దామన్నారు. నేను వద్దన్నాను. అందరి ముందు నేను పైకి అన్న మొదటి మాట అదేనేమో, అందరూ నా వంక చూశారు. గుండీతోనే పాతిపెట్టారు. గొయ్యి మా ఆయన తవ్వారు. అంత లోతు అక్కర్లేదని చెప్పినా తవ్వుతూనే ఉన్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. మా అత్తగారు వచ్చి, "మా నాన్న పోయినప్పుడు నేను కూడా ఇంత ఏడవలేదు, గాడిద పోతే ఏడుస్తోందని నలుగురూ వింటే నవ్వుతారు, లే" అన్నారు. నలుగురూ విన్నారు. నవ్వారు. అందుకే మీకు రాస్తున్నాను. మీరు నవ్వరు.

– ఇక్కడిదాకా రాశాక మేనేజరుగారు చూసి కాగితం తీసుకుని, చదివి ఇచ్చేశారు. కోప్పడలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు కూడా. ఆయన అన్నది ఇది: "చూడమ్మా, ఆవిడ పంపే దాణాతో ఆ వరసలో ఉన్న మూగజీవాలన్నీ తింటున్నాయి. వాడు పోయాడంటే రేపటి నుంచి ఆవిడ ఎందుకు పంపుతుంది? పైగా పెద్దావిడ, గుండె ఆగిపోతే ఆ పాపం నీదీ నాదీ. కొన్నాళ్ళు ఆగి మెల్లగా చెబుదాం. ఇప్పుడు మాత్రం కులాసా అని రాయి."

ఆ వరసలో కాలు విరిగిన మేకలున్నాయి. చూపు లేని గుర్రం ఉంది. ఇది పోస్టు చేయడం లేదు. నా పెట్టెలో చీర మడతలో పెడుతున్నాను.


శరణాలయం, వెనక గదులు

కండక్టరమ్మగారికి నమస్కారాలు.

ఇన్‌స్పెక్టరుగారు కులాసా. ఈమధ్య ఎవరినీ కరవడం లేదు. తన్నడం కూడా పూర్తిగా మానేశారు. డాక్టరుగారికి ఆయన వల్ల ఇక ఏ ఇబ్బందీ లేదు. దగ్గు లేదు, ఆయాసం లేదు. ప్రశాంతంగా పడుకుంటున్నారు. ఆయన గురించి మీరు దిగులు పెట్టుకోవద్దు.

మీరు పంపిన క్యారెట్లు అందాయి. చాలా బాగున్నాయి.

ఇట్లు
వ్యాను డ్రైవరు భార్య


బస్సు డిపో వెనక వీధి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి అనేక ఆశీస్సులు.

నీ ఉత్తరం అంది చాలా సంతోషించాను. ఇన్‌స్పెక్టరు మంచివాడైనందుకు మరీ సంతోషం. వాడి మనసు మొదటి నుంచీ మంచిదే.

ఇక్కడ నేను కులాసా. మోకాళ్ళ నొప్పులు ఇప్పుడు అసలు లేవు. దగ్గు పూర్తిగా తగ్గిపోయింది. మందులు కూడా మానేశాను. నా కోడలు నన్ను ఎంతో బాగా చూసుకుంది. చూసుకుంటోంది.

నీకు ఎప్పుడైనా కష్టం కలిగించే మాట అని ఉంటే మన్నించు తల్లీ. మీ అత్తగారిని అడిగానని చెప్పు. ఆరోగ్యం జాగ్రత్త. క్యారెట్లు ఎప్పటిలాగే వస్తుంటాయి.

ఆశీస్సులతో
కండక్టరమ్మ


శరణాలయం, వెనక గదులు

కండక్టరమ్మగారికి నమస్కారాలు.

ఇన్‌స్పెక్టరుగారు కులాసా. మొన్న బడిపిల్లలు చూడ్డానికి వచ్చారు. ఇన్‌స్పెక్టరుగారు వాళ్ళని ఒక్కొక్కరినీ వీపు మీద ఎక్కించుకుని తిప్పారు. దిగనని మారాం చేసిన పిల్లని ముద్దు పెట్టుకున్నారు. పిల్లలంటే ఆయనకి ప్రాణం.

ఇంతవరకు మేనేజరుగారు చెప్పింది. ఇప్పుడు నేను అడుగుతున్నాను. మీ ఒంట్లో నిజంగా బాగుందా? పోయిన ఉత్తరంలో మీరు నన్ను తిట్టలేదు. మేనేజరుగారినీ తిట్టలేదు. మధ్యలో మీ కోడలుగారు దూరలేదు. చదువుతుంటే ఎవరో కొత్తవాళ్ళ ఇంటికి వెళ్ళి కూర్చున్నట్టనిపించింది. నా వల్ల పొరపాటేమైనా జరిగితే తిట్టండి. నాకు అలవాటే.

ఇట్లు
వ్యాను డ్రైవరు భార్య


బస్సు డిపో వెనక వీధి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి ఆశీస్సులు.

తిట్టడం మరిచిపోయాను. పెద్దతనం కదా. నువ్వు కొంచెం బద్ధకస్తురాలివి. ఏమీ అనుకోకు. ఇది నిజంగా కోపంతోనే అంటున్నాను. మీ మేనేజరు కూడా అంత తెలివైనవాడేమీ కాదని నా అభిప్రాయం.

(నేను కులాసా. – కోడలు)

ఇన్‌స్పెక్టరు పిల్లలకి ముద్దులు పెట్టాడని చదివి నాకు వాణ్ణి చూడాలనిపిస్తోంది. నేను రాలేను. నా బదులు నా కోడలు వస్తుంది, వచ్చే నెల మొదట్లో. వాణ్ణి కళ్ళారా చూసి నాకు చెబుతుంది. ఆమెకి వాణ్ణి దగ్గరుండి చూపించు.

ఆశీస్సులతో
కండక్టరమ్మ


శరణాలయం, వెనక గదులు

అక్కగారికి,

ఈ ఉత్తరం మీకు, మీ అత్తగారికి కాదు. మీ పేరు ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు కనుక అక్క అంటున్నాను.

మీరు వస్తున్నారని తెలియగానే మేనేజరుగారు కంగారుపడి, అవతలి షెడ్డులోంచి ఒక పడుచు గాడిదని తెప్పించారు. దాన్ని అందరూ బుజ్జిగాడంటారు. బూడిద రంగు సరిపోయింది. చెవులు మాత్రం రెండూ పూర్తిగా ఉన్నాయి. కొన్నేళ్ళు మంచి తిండి పడితే చెవి పెరిగిందని చెబుదామన్నారు. ఇన్‌స్పెక్టరూ అని పిలిస్తే పలకడం దానికి నేర్పమని నాకు చెప్పారు. అది ఏమని పిలిచినా పలుకుతుంది. చెయ్యి చాపితే నాకుతుంది. దాని ముందు నిలబడితే నాకు తల కొట్టేసినట్టయింది.

సోమవారం మూట దింపే వేళకి నేనే గేటు దగ్గరికి వెళ్ళాను. బస్సు కండక్టరుతో మాట్లాడాలని దారంతా ఒకే వాక్యం అనుకుంటూ వెళ్ళాను. ఆయన మూట దింపి బెల్లు కొట్టబోతుంటే, కండక్టరమ్మగారు ఎలా ఉన్నారు అని అడిగేశాను. ఆయన నన్ను వింతగా చూశారు. "ఆ పెద్దావిడా? పోయి చాలా రోజులైంది కదమ్మా. డిపోలో సభ కూడా పెట్టాం. మూట ఆవిడ కోడలు ఇస్తోంది." అని బెల్లు కొట్టారు. బస్సు వెళ్ళిపోయింది. నేను మూట మీద కూర్చున్నాను.

ఇప్పుడు నా వంతు. ఇన్‌స్పెక్టరు కూడా పోయాడు. ఆ రోజు మీ అత్తగారికి రాసి పోస్టు చేయని ఉత్తరం ఇందులో పెడుతున్నాను. తర్వాత రాసినదాంట్లో అబద్ధం లేకుండా చూద్దామనుకున్నాను. కరవడం లేదు, తన్నడం లేదు, దగ్గు లేదు అని రాశాను. మీ జవాబు మళ్ళీ తీసి చూస్తే మీరూ అలాగే రాశారు. మోకాళ్ళ నొప్పులు లేవు, దగ్గు లేదు, మందులు మానేశాను అని. ఒకే బడిలో చదివామేమో మనం.

అంటే ఇన్నాళ్ళూ పోయినావిడ పోయిన గాడిదకి క్యారెట్లు పంపుతున్నారు. అవి మా అత్తగారు కూర వండుతున్నారు. నేను ఒక్క ముద్ద కూడా మింగలేకపోయాను.

ఆవిడకి మనసులోనే మాటిచ్చాను, వాడు పోతే రాస్తానని. తప్పాను. ఆవిడకి ఇప్పుడు చెప్పలేను కనుక మీకు చెబుతున్నాను. మీరు వస్తే రండి. రానంటే నేనేమీ అనుకోను. మేనేజరుగారికి ఇదేమీ తెలియదు.

చెల్లెలు


బస్సు డిపో వెనక వీధి

చెల్లీ,

నీ ఉత్తరాలు రెండూ ఒకే బిగిన చదివాను. గుండీ దగ్గరికి వచ్చేసరికి గట్టిగా నవ్వాను. పక్కగదిలోంచి మా ఆయన వచ్చి ఏమైందన్నారు. గాడిద పోయిందని చెప్పాను. నావంక చూసి వెళ్ళిపోయారు.

అత్తగారు నీకు చివరి ఉత్తరం రాయించిన వారమే పోయారు. మీవాడు కూడా ఇంచుమించు అప్పుడే. ఇద్దరూ ఒకే స్టాపులో దిగినట్టున్నారు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది నాకు తెలుసుకోవాలని లేదు. ఆవిడే ముందుంటారు, ఎవరినీ ముందు దిగనివ్వరు.

నీకు చెప్పొద్దన్నది ఆవిడే. ఆ పిల్లకి ఆ గాడిద తప్ప మాట్లాడే దిక్కు లేదు, నేను పోయానని తెలిస్తే దాణా ఆగిపోతుందని ఆ మేనేజరు వాణ్ణి బయటికి తోలేస్తాడు, నా పేరుతో రాస్తూ ఉండు అన్నారు. సరేనన్నాను. రాయడం కష్టమనుకోలేదు. ఆవిడ మాటలు రాసీ రాసీ నాకు కంఠతా వచ్చనుకున్నాను. తీరా కలం పట్టుకుంటే ఒక్క తిట్టు కూడా రాలేదు. నేను చక్కెర కలుపుతానని ఆవిడ అంటే ఒప్పుకునేదాన్ని కాదు. ఇప్పుడు చూస్తే నా దగ్గర ఉన్నది చక్కెరే. నువ్వు అనుమానపడ్డావని తెలిసి బద్ధకస్తురాలివని రాశాను. ఆ ఒక్క మాటకి సాయంత్రమంతా పట్టింది.

నాకూ అనుమానం వచ్చింది. ఇన్‌స్పెక్టరు పిల్లలకి ముద్దులు పెట్టాడన్నప్పుడు. అందుకే నేనే వచ్చి చూద్దామనుకున్నాను.

డిపోలో సభ పెట్టారు. పెద్ద ఫోటో, మైకు. ఆవిడ శాంతమూర్తి అన్నారు. ఏనాడూ ఏ ప్రయాణికుడి మీదా గొంతు పెంచలేదన్నారు. అలా అన్న ఆయన్ని ఆవిడ ఒకసారి వానలో బస్సు దింపేశారు, టికెట్టు తీసుకోలేదని. నేను మొదటి వరసలో కూర్చుని, ఎవరి సభకి వచ్చానా అని చూస్తున్నాను. ఏడుపు రాలేదు. అత్త పోతే కోడలికి కంట తడి లేదని మా వాళ్ళు చెవులు కొరుక్కున్నారు. అత్త లేని కోడలు ఉత్తమురాలు అంటారు కదా. నేను ఉత్తమురాలినై ఇన్నాళ్ళయింది, ఏమీ బాగాలేదు.

ఆదివారం వస్తున్నాను. మీ మేనేజరుకి ఏమీ చెప్పకు, ఆయన బుజ్జిగాణ్ణి ఆయన చూపించుకోనీ. మేకలూ గుర్రం ఏం పాపం చేశాయి, మూట మాత్రం ఆపను.

మీ అక్క


శరణాలయం, వెనక గదులు

అక్కా,

క్షేమంగా చేరి ఉంటారని తలుస్తాను. మీరు వెళ్ళాక కూడా మేనేజరుగారు రోజంతా ఉత్సాహంగా తిరిగారు. మీరు బుజ్జిగాడి మెడ నిమిరి, "మా అత్తగారు వింటే ఎంత సంతోషిస్తారో" అన్నప్పుడు నేను నవ్వు ఆపుకోలేక ఖాళీ బకెట్టు ఎత్తుకుని బయటికి పరిగెత్తాను. పెద్దావిడని కూడా ఒకసారి తీసుకురండి అని ఆయన, తప్పకుండా అని మీరు. ఆ రెండు మాటలూ షెడ్డు వెనక నిలబడి విన్నాను. అంత మర్యాదగా అబద్ధాలాడుకోవడం నేను ఎక్కడా చూడలేదు.

షెడ్డు వెనక వాణ్ణి పాతిపెట్టినచోట మనం బోర్లించిన తొట్టి మీద కూర్చున్నాం కదా. నాకు అంతసేపు ఒక మనిషితో మాట్లాడటం అదే మొదటిసారి. ఇంటికి వచ్చాక గొంతు నొప్పి పుట్టింది. వాడు నన్ను ఎక్కడెక్కడ కరిచాడో మీకు చూపించాను. పెళ్ళయిన కొత్తలో మీరు కుట్టిన దిండు గలీబు చూసి ఆవిడ, ఇది ఏ బస్సు సీటుది అన్నారని మీరు చెప్పారు. డిపో సభలో మైకు పట్టుకుని శాంతమూర్తి అన్న సంగతి మళ్ళీ చెప్పారు. ఒకటి మీరు, ఒకటి నేను. నవ్వుకుంటూనే చెప్పుకున్నాం. ఆఖరికి ఆవిడ ఏమన్నారని నేను అడక్కుండా ఉండాల్సింది. మీరు దగ్గరికి వంగితే, జరుగు, గాలి రానివ్వు, అన్నారని చెప్పారు. చెబుతూనే మీకు ఏడుపొచ్చింది. నేనెన్నడూ చూడని ఆవిడ కోసం నాకూ వచ్చింది. మీరు నా చెయ్యి పట్టుకుని, వాణ్ణి నేనొక్కసారైనా చూడలేదే అన్నారు.

అప్పుడే మా అత్తగారు గోడ పక్కనుంచి వచ్చారు. ఎప్పటి నుంచి వింటున్నారో తెలియదు. గాడిద దగ్గరికి పలకరింపుకి వచ్చి అత్త కోసం ఏడుస్తారా ఎవరైనా, మీ ఇద్దరికీ మతి ఉందా అని మొదలుపెట్టారు. మీరు లేచి నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను కానీ ఈసారి తల దించలేదు. ఆవిడ కాసేపు మన ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. తర్వాత ఆ తొట్టి మీదే తనూ కూర్చున్నారు. మీరు బస్సు అందుకోవాలని త్వరగా వెళ్ళిపోయారు కనుక ఆ తర్వాత ఆవిడ నాతో ఏమన్నారో మీకు తెలియదు.

"నేను పోయినప్పుడు కూడా ఇలాగే చెప్పుకోండి. ఎవరైనా మైకు పట్టుకుని శాంతమూర్తి అంటే మాత్రం నేను ఊరుకోను" అన్నారు.

అలాగేనన్నాను. చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయని కూడా అన్నాను. ఏమేం ఉన్నాయో చెప్పమన్నారు. ఒకటి చెప్పాను. అది మరీ చిన్నదన్నారు.

ఆ రోజు నుంచి ఆవిడ నన్ను లేచింది మొదలు తిడుతున్నారు. బకెట్టు పెట్టినచోటు బాగాలేదని, తవుడు కలిపిన చెయ్యి బాగాలేదని, నడక బాగాలేదని. మా ఆయన నిన్న అన్నం తింటూ, అమ్మకి ఏమైందని నన్ను మెల్లగా అడిగారు. నా కోసం కూడబెడుతున్నారని చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు.

మీ చెల్లెలు